లైట్లు వేసే ఉన్నాయి

“లైట్లు వేసుకుని రండమ్మా!”

చెరకు ట్రాక్టరు ట్రక్కులో, లోడు మీద కూర్చున్న మనిషి కిందికి వంగి వేసిన కేక అది. నా కారు ముందు భాగానికీ, ట్రక్కు వెనక వేలాడుతున్న చెరకు ఆకులకూ మధ్య రెండు మూరల ఖాళీ కూడా లేదు. ట్రక్కుకు వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరూ లేదు. అద్దం దించి నాలుగు మాటలు అనబోయాను. ఆయన కేక వినగానే నోరు మూతపడింది. నా లైట్లు వేసే ఉన్నాయి.

ఇది 2023 డిసెంబరులో ఒక శనివారం రాత్రి మాట. నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. శనివారం కాలేజీ అయ్యాక పటమట నుంచి యనమలకుదురు మీదుగా కరకట్ట ఎక్కి, తోట్లవల్లూరు దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్తాను. ఆదివారం రాత్రి తిరిగి వస్తాను. 2014లో కొన్న చిన్న కారు. తొమ్మిదేళ్లుగా అదే కారు, అదే దారి. ఊరు వచ్చిన చోట తప్ప కట్ట మీద వీధి దీపాలు ఉండవు. ఎదురుగా ఇసుక లారీలు, చలికాలంలో ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రాక్టర్లు, ఎప్పుడైనా ఒక గేదె.

ఆ రాత్రి అమ్మ పెట్టిన అన్నం ముందు కూర్చుని లెక్క వేసుకున్నాను. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కంటికి కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకను, సెకనున్నర పోతుంది. బ్రేకు పడ్డాక బండి ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 14 మీటర్లు. మొత్తం ముప్ఫై, ముప్ఫై అయిదు మీటర్లు కావాలి. నా లైట్లు అంతదూరం చూపించడం లేదు. ఎప్పటినుంచి చూపించడం లేదో కూడా నాకు తెలియదు. బెంజి సర్కిల్ దగ్గరా, బందరు రోడ్డు మీదా లైట్లు ఆర్పేసి నడిపినా తేడా తెలియనంత వెలుతురు ఉంటుంది. ఊళ్లో తిరిగే కారుకు లైట్లు చచ్చిపోతున్న సంగతి ఊళ్లో తెలియదు.

మర్నాడు పగటి వెలుగులో డూమ్‌ల ముందు, అంటే హెడ్‌లైట్ల పైనుండే ప్లాస్టిక్ కవర్ల ముందు కూర్చుని చూశాను. రెండూ పసుపు పట్టి ఉన్నాయి. కుడి వైపుది మరీ అన్యాయం, లోపలి బల్బు కనిపించనంతగా మసకబారింది. మా అపార్ట్‌మెంటులో నాకిచ్చిన స్థలం ఆరుబయటే. మధ్యాహ్నం నుంచి పడమటి ఎండంతా ఆ కుడి డూమ్ మీదే పడుతుంది. బెజవాడ ఎండ తొమ్మిదేళ్లు పడితే ప్లాస్టిక్కు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

టూత్‌పేస్టు సలహా ఎవరిచ్చారో గుర్తులేదు, అందరూ ఇస్తారు. రుద్దాను. మెరిసింది. మూడు వారాలకు మళ్లీ పాత రంగుకు వచ్చేసింది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

తర్వాత మా తమ్ముడు రంగంలోకి దిగాడు. “అక్కా, ఈ రోజుల్లో హాలోజెన్ ఎవరు వాడుతున్నారు? ఎల్‌ఈడీ బల్బులు తెప్పిస్తాను, పట్టపగలులా ఉంటుంది” అన్నాడు. తెప్పించాడు, వాడే బిగించాడు. మొదటి రాత్రి నిజంగానే పట్టపగలులా ఉంది, కారు ముందు పది అడుగుల మేర. దానికి అవతల మునుపటి కంటే చీకటి. దగ్గరలో రోడ్డు తెల్లగా వెలిగిపోతుంటే కంటిపాప ముడుచుకుంటుంది. ముడుచుకున్న కంటికి దూరాన ఉన్న మసక వెలుతురు అందదు. ఎదురుగా వచ్చే ప్రతి లారీ నాకు డిప్పర్ కొట్టింది, అంటే లైట్లు మిణకరించి హెచ్చరించింది. ఒక మోటారు సైకిల్ అతనైతే పక్కకు దిగి ఆగిపోయి, నేను దాటేదాకా చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది.

సిగ్గు ఇంకో కారణానికి కూడా. పుటాకార దర్పణం నాభి దగ్గర దీపం పెడితే కిరణాలు సమాంతరంగా బయటికి వస్తాయి, దీపాన్ని కాస్త జరిపితే చెదిరిపోతాయి అని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. హెడ్‌లైటు చేసేదీ అదే పని. మా కారులో ఉండేది హెచ్4 బల్బు. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి: దూరం చూపే హై బీమ్‌కు 60 వాట్లు, కిందికి వంగిన డిమ్‌కు 55. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందికి పోయే వెలుగును అది ఆపేస్తుంది కాబట్టే డిమ్‌లో వెలుగు ఒక గీత దాటి పైకి లేవదు, ఎదుటివాళ్ల కళ్లలో పడదు. వెనకనున్న అద్దం వంపును ఆ సన్నటి తీగ సరిగ్గా ఎక్కడ ఉంటుందో చూసి తీర్చారు. ఆ తీగ ఉండాల్సిన చోట ఒక పలక, దానికి రెండు పక్కలా ఎల్‌ఈడీ ముక్కలు పెడితే ఆ అద్దానికి ఏం చేయాలో తెలియదు. ఎల్‌ఈడీ చెడ్డదని కాదు. దాని కోసమే తయారైన డూమ్‌లో పెట్టి కంపెనీ ఇచ్చిన కార్లలో అది చక్కగా పనిచేస్తుంది. పైగా, తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. నాలుగో రోజుకు ఆ బల్బులు పెట్టెలోకి వెళ్లాయి. తమ్ముడు రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక ఆటోనగర్ వెళ్లాను. పటమట పక్కనే ఉన్నా అంతకు ముందు ఎప్పుడూ ఒక్కదాన్నే వెళ్లలేదు. మొదటి కొట్టులో నా సమస్య సగం వినకుండానే 60/55కు బదులు 100/90 వాట్ల బల్బులు వేసేస్తానన్నాడు. రెండో కొట్టులో డూమ్‌లు మార్చాల్సిందే అన్నారు, జత 9,000 రూపాయలు. మూడోది వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ కొట్టు. అరవై దాటిన మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. ఆయన ఏమీ చెప్పలేదు. ఇంజను నడుస్తుండగా లైట్లు వేయమని, మల్టీమీటర్ పట్టుకుని ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత ఒక్కో బల్బు హోల్డర్ దగ్గర కొలిచాడు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. ఎడమ బల్బు దగ్గర 12.3. కుడి బల్బు దగ్గర 11.8.

“బల్బు తప్పేమీ లేదమ్మా. కరెంటు దారిలోనే ఆగిపోతోంది” అన్నాడు.

ఆగేది కరెంటు కాదండీ, వోల్టేజీ పడిపోతోంది అని సరిదిద్దబోయి నాలుక కరుచుకున్నాను. ఇరవై రెండేళ్లుగా వోల్టేజీ పతనం పాఠం చెబుతూ, సొంత కారులో ఒక్కసారి కొలవని మనిషిని నేను. కొలిచింది ఆయన.

రెండు వోల్టులకే అంత తేడా ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. హాలోజెన్ బల్బు దగ్గర అదే కిటుకు. వోల్టేజీ తగ్గితే వెలుగు అదే పాళ్లలో తగ్గదు. ఫిలమెంటు చల్లబడుతుంది, చల్లబడ్డ తీగ ఇచ్చే దానిలో కంటికి కనిపించే వెలుగు వాటా పడిపోయి వేడి వాటా పెరుగుతుంది. స్థూలంగా వెలుగు వోల్టేజీకి 3.4వ ఘాతంలో మారుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతుకు దగ్గరగా పోతుంది. బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీ అంతా అందితే రావలసిన వెలుగుతో పోల్చి ఆ కొట్టు బల్ల మీదే ఫోనులో లెక్క కట్టాను. కుడి లైటులో సగానికి కాస్త పైన మిగిలింది, అంతే.

కారణం ఆయన విప్పి చూపించాడు. బ్యాటరీ నుంచి బయలుదేరిన వైరు ఫ్యూజుల పెట్టె, స్టీరింగు దగ్గరి స్విచ్చు, అక్కడి నుంచి మళ్లీ ముందుకు, ఇన్ని మెలికలు తిరిగి బల్బుకు చేరుతుంది. సన్నటి వైరు. తొమ్మిదేళ్లలో ప్రతి కలుపు దగ్గరా కాస్త కిలుము. కుడి వైపు, కరెంటు తిరిగి వెళ్లే దారి అయిన ఎర్త్ బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా లేచింది. 100/90 బల్బు వేసి ఉంటే ఏమయ్యేదో అప్పుడు అర్థమైంది. 55 వాట్ల డిమ్ తీసుకునేది నాలుగున్నర ఆంపియర్లు, 90 వాట్లది ఏడున్నర. అదే ఇరుకు దారిలో ఇంకా ఎక్కువ మందిని తోసినట్టు. వైరు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ హోల్డర్ కరుగుతుంది, అద్దం మీది మెరుపు పూత మాడుతుంది. అలా కరిగిన హోల్డర్లు ఆయన దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి. కొత్తగా వచ్చేవాళ్లకు చూపించడానికే దాచాడట.

రిలే కిట్ వేశాడు. అందులో మాయ ఏమీ లేదు. పాత స్విచ్చు ఇప్పుడు లైటును నేరుగా వెలిగించదు, రిలేలోని చిన్న తీగచుట్టకు మాత్రమే కరెంటు ఇస్తుంది. ఆ అయస్కాంతం లాగితే బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లావు వైరులో బల్బుకు దగ్గరి దారి తెరుచుకుంటుంది. ఎర్త్ బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకి బిగించాడు. మళ్లీ కొలిస్తే ఎడమ 13.7, కుడి 13.6. వోల్టేజీ పెరిగితే బల్బు ఆయుష్షు కొంత తగ్గుతుందని ఆయనే హెచ్చరించాడు. తగ్గనీ, బల్బు ఎంత? పాత బల్బుల గాజు లోపల నల్లబారింది కాబట్టి జతగా కొత్తవి వేశాం, మామూలు 60/55, నీలం పూత లేనివి. ఆ పూత వెలుగులో కొంత భాగాన్ని మింగేసి తెల్లగా ఉన్నట్టు భ్రమ పెడుతుంది. గాజుకు చెయ్యి తగలకుండా కాగితంతో పట్టుకున్నాడు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ కాలి పగులుతుందట. అన్నీ కలిపి 1,900 రూపాయలు అయ్యాయి.

డూమ్‌ల పని మాత్రం నేనే చేశాను. అది నాకు ఇష్టమైన భాగం కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే ఓర్చుకోండి.

ఈ డూమ్‌లు గాజు కాదు, పాలికార్బొనేట్. రాయి తగిలినా తేలిగ్గా పగలదు కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోదు. అందుకని ఫ్యాక్టరీలోనే పైన ఒక రక్షణ పూత వేస్తారు. ఆ పూత చచ్చిపోయాకే పసుపు మొదలవుతుంది. టూత్‌పేస్టు పైపొర కాస్త గీకుతుంది, పూత మాత్రం ఇవ్వదు. అందుకే అది నిలవదు. అంటే పని రెండు భాగాలు: పాత పూతను ఆనవాలు లేకుండా తీసేయాలి, కొత్త పూత వేయాలి. రెండోది చేయకపోతే మొదటిది చేయకపోవడమే మేలు.

హార్డ్‌వేర్ కొట్టులో తడిపి రుద్దే గరుకు కాగితాలు, వాటర్ పేపర్లు కొన్నాను, 800, 1000, 1500, 2000, 3000 నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. డూమ్ చుట్టూ రంగు పోకుండా మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించి, సబ్బు నీళ్లు చల్లుకుంటూ రుద్దడం మొదలుపెట్టాను. మొదట కారిన నీళ్లు అచ్చం పసుపు నీళ్లే. పూత వడదెబ్బ తిన్న చర్మంలా అట్టలు అట్టలుగా లేస్తుంది. కుడి వైపు 1000 నంబరుకు లొంగలేదు, 800తో మొదలుపెట్టాల్సి వచ్చింది. కారే నీళ్లు పసుపు నుంచి పాలలా తెల్లగా మారితే పూత పోయినట్టు. ఒక పేపరుతో అడ్డంగా రుద్దితే తర్వాతి దానితో నిలువుగా రుద్దాలి, అప్పుడే ముందు పేపరు గీతలు మిగిలాయో లేదో కనిపిస్తుంది. తొందరపడి ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు చివరిదాకా వెంటాడతాయి.

2000 నంబరు అయ్యేసరికి డూమ్ మొదటి కంటే ఘోరంగా ఉంది. స్నానాల గది కిటికీ అద్దంలా తెల్లగా, ఏమీ కనిపించకుండా. పై అంతస్తు పిన్నిగారు బాల్కనీ నుంచి చూసి “అయ్యో, అద్దాలు పాడైపోయాయా?” అని అడిగారు. నాకూ గుండె జారింది. అప్పుడు నీళ్లు చల్లి చూశాను. తడిగా ఉన్నంతసేపు లోపలి బల్బు స్పష్టంగా కనిపించింది, ఆరగానే మళ్లీ తెల్లబడింది. సన్నటి గీతల్లో నీరు నిండితే వెలుగు చెదరదు. నీటితో ఇంత స్పష్టంగా ఉందంటే పూత వేశాక ఇలాగే ఉంటుందన్నమాట. వక్రీభవన గుణకం పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు దొరకలేదు. ఈ ఏడాది దాన్నే చెప్పాను కూడా.

3000 తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, మెత్తటి గుడ్డ, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు. భుజాలు పట్టేశాయి. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ పూత ద్రవాన్ని ఒకే దిశలో, పలుచగా, ఆగకుండా ఒక్క లాగులో పూశాను. వెనక్కి వెళ్లి సరిదిద్దితే చార పడుతుంది. ఎడమ వైపు ఒకటి పడింది, ఇప్పటికీ ఉంది, నాకు తప్ప ఎవరికీ కనిపించదు. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వలేదు.

వెలుగు వచ్చింది. అది బయటికి వచ్చే దారీ శుభ్రమైంది. అయినా తర్వాతి శనివారం కట్ట మీద నాకు కావలసినంత దూరం కనిపించలేదు. కారు ముందు బ్రహ్మాండంగా ఉంది, ముందుకు పోయేకొద్దీ హఠాత్తుగా తెర దించినట్టు చీకటి. ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేస్తే “గోడ మీద చూశారా?” అన్నాడు.

చూడలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం కాలేజీ మైదానంలో చదునైన చోట, గోడకు సరిగ్గా 10 మీటర్ల దూరంలో కారు ఆపాను. టైర్లలో గాలి సరిచూశాను. డ్యాష్‌బోర్డు మీద లైటు ఎత్తు మార్చే చక్రాన్ని సున్నా దగ్గర పెట్టాను. నడిపే సీట్లో మనిషి బరువు ఉండాలి కాబట్టి వాచ్‌మన్ బాబాయిని కూర్చోమన్నాను. ఆయన దర్జాగా కూర్చుని రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకున్నాడు, పని అయ్యాక కూడా వెంటనే దిగలేదు. డూమ్ మధ్య బిందువు నేల నుంచి 66 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. డిమ్ వేస్తే గోడ మీద వెలుగుకూ చీకటికీ మధ్య ఒక గీత కనిపిస్తుంది. అది మీటరుకు సెంటీమీటరు చొప్పున కిందికి దిగాలి, అంటే 10 మీటర్ల దగ్గర 56 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమ చివర కాస్త పైకి లేస్తుంది. రోడ్డు వార ఉన్న మనిషి, సైకిలు, రాయి కనిపించడానికి.

నా ఎడమ లైటు గీత 30 సెంటీమీటర్ల దగ్గర ఉంది. సరూప త్రిభుజాల లెక్క పిల్లలైనా చెప్పగలరు: 10 మీటర్లలో 36 సెంటీమీటర్లు దిగితే 18 మీటర్లకు నేలను తాకుతుంది. ఆగడానికి ముప్ఫై మీటర్లకు పైగా కావలసిన బండికి రోడ్డు వార 18 మీటర్ల చూపు! కుడి లైటు దీనికి సరిగ్గా ఎదురు, డూమ్ మధ్య బిందువు కంటే 5 సెంటీమీటర్లు పైకి, నేరుగా ఎదుటివాళ్ల ముఖాల్లోకి. ఇన్నాళ్లూ డిమ్‌లోనే వస్తున్న నాకు లారీలవాళ్లు ఊరికే డిప్పర్ కొడుతున్నారని తిట్టుకున్నాను. రెండేళ్ల కిందట ఒక గేటుకు తగిలి ముందు బంపరు విప్పి బిగించారు. అప్పుడు డూమ్‌లు కూడా తీసి పెట్టారు, గోడ మీద చూడలేదు. ఆ సంగతి అడగాలని నాకూ తెలియదు.

డూమ్ వెనక ఉన్న మర తిప్పి రెండింటినీ 56 దగ్గరికి తెచ్చాను. అరగంట పని, ఖర్చు ఒక సుద్దముక్క. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఇదే, నేను చేసింది అన్నిటికంటే చివర. డూమ్ మసకగా ఉంటే గోడ మీద గీత అలుక్కుపోయి సరిగ్గా కనిపించదు కాబట్టి పాలిష్ ముందు కావలసిందే అని నన్ను నేను సమాధానపరచుకుంటాను. కానీ ఎల్‌ఈడీలకూ టూత్‌పేస్టుకూ ముందు ఒకసారి గోడ ఎదుట నిలబడి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

ముందు అద్దం లోపలి వైపు తుడిస్తే గుడ్డకు జిడ్డు పొర వచ్చింది. వైపర్ రబ్బర్లు మార్చాను. కళ్లు కూడా చూపించుకున్నాను. యాభై ఒకటో ఏట కంటిపాప చిన్నప్పటిలా విచ్చుకోదని, ఎదురు వెలుగు తగిలాక తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని డాక్టరుగారు చెప్పి, దూరపు చూపు అద్దాల నంబరు మార్చారు. శుక్లం ఇంకా లేదన్నారు.

దూరం కొలవడానికి నా పద్ధతి కరెంటు స్తంభాలు. పగలు కట్ట మీద అడుగులతో కొలిస్తే స్తంభానికీ స్తంభానికీ మధ్య దాదాపు 40 మీటర్లు వచ్చింది. ఇంతకుముందు డిమ్‌లో మొదటి స్తంభం మొదలు కూడా కనిపించేది కాదు. ఇప్పుడు రెండోది కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే లారీలు డిప్పర్ కొట్టడం మానేశాయి.

మా పొలం కౌలుకు చేసే రైతు ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు నేనే తెచ్చి అంటించాను. “ఇదేమిటమ్మా, పెళ్లి బండిలా” అన్నాడు కానీ పీకేయలేదు. తమ్ముడిని ఎల్‌ఈడీ బల్బులు తీసుకుపొమ్మని చాలాసార్లు చెప్పాను. తన కారును మాత్రం నిరుడు దసరాకు మా కాలేజీ గోడ దగ్గరికి తెచ్చాడు.

పోయిన వారం కడుగుతుంటే కుడి డూమ్ పై అంచున, పడమటి ఎండ పడే చోట, గోరంత మేర మళ్లీ మసక కనిపించింది. యూవీ ద్రవం సగం సీసా బీరువాలోనే ఉంది. పూత పూర్తిగా పోలేదు కాబట్టి ఈసారి 2000 నంబరు నుంచి మొదలుపెడితే చాలుననుకుంటున్నాను. ఎండలు ముదరకముందే చేయాలి. పిన్నిగారికి ముందే చెప్పి ఉంచాను.